మూడొందల గజాలు

"గెడ్డపేట నుంచి హిందూపురం దాకా నా సైకిల్ నా కాళ్ళ బలంతోనే నడుస్తుంది. ఒక్క గజం కూడా వేరే బండి ఎక్కదు. ఇది ప్రజల సాక్షిగా నా ప్రతిజ్ఞ."

శ్రీకాకుళం జిల్లా గెడ్డపేటలో దాలినాయుడు ఈ మాటలు అచ్చువేయించి వెయ్యి కరపత్రాలు పంచాడు. అయిదో రోజుకల్లా ఆ సైకిల్ రాజమండ్రిలో ఓ వ్యాను మీద, టమాటా పెట్టెల మధ్య దర్జాగా ఊరేగింది. ఎలాగంటే, ఇలాగ.

దాలినాయుడి వంశంలో తెలివికి లోటు లేదు. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. లోకం సగం విని సగం వదిలేస్తుందనీ, తాము మాత్రం విన్నది విన్నట్టు చేస్తామనీ అతని బాబాయి సూరినాయుడికి మహా గర్వం. ఆయన రాజమండ్రికి కాపురం వచ్చిన రోజున, దిగేదాకా టికెట్టు చేతిలో ఉంచుకోమన్నాడట కండక్టరు. అంతే, ఆరు గంటలపాటు దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఇడ్లీలు పిన్ని నారాయణమ్మే నోట్లో పెట్టింది.

దాలినాయుడు వీళ్ళకంటే రెండాకులు ఎక్కువ చదివాడు. నినాదాలన్నీ నోటికి వచ్చు. అవి వేరేవాళ్ళవన్న సంగతి మాత్రం తరచూ మర్చిపోయేవాడు. ఊళ్ళో పఠన మందిరం కప్పు కూలిపోయి, ఆరువందల పుస్తకాలు రైసు మిల్లులో గోనెసంచుల్లో పడి చెదలకు మేతవుతున్నాయి. రిటైరైన వైకుంఠమ్మ టీచరుకు రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. దాలినాయుడు రోజూ వెళ్ళి ఆవిడకి ఆస్తి అంటే ఏమిటో, త్యాగం అంటే ఏమిటో గంటసేపు చెప్పేవాడు. ఆవిడకి విసుగొచ్చింది. ఏదైనా ఒక్క పని మొదలుపెట్టి చివరిదాకా చెయ్యరా, ఒక్కడివే సైకిల్ మీద హిందూపురం దాకా వెళ్ళు, గదులు ఇస్తాను అంది. మానుకుంటాడనుకుంది. మానుకోలేదు. ఇంకేముంది, ఆవిడకి బెంగ పట్టుకుంది. ఓ కాగితం మీద రాసిచ్చింది: నాలుగు రోజులు తొక్కాక ఒక రోజు విశ్రాంతి. ఆ రోజు ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా సైకిల్ ముట్టుకోకూడదు.

దాలినాయుడు బయల్దేరాడు. ఒంటరి యాత్ర అంటే ఒంటరి యాత్రే. దారిలో ఎవరైనా సైకిల్ మీద పక్కకి వస్తే దిగిపోయి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడేవాడు. అనకాపల్లి దగ్గర బడి వదిలిన వేళకి చిక్కుకుని గంటన్నర నిలబడిపోయాడు.

అయిదో రోజు తెల్లవారుతూండగా రాజమండ్రి కూరగాయల మార్కెట్టులోకి వచ్చాడు. బాబాయి ఎదురొచ్చి, చేతి గడియారం చూస్తూ పక్కన పరుగెడుతున్నాడు. ఇల్లు ఇంకా మూడొందల గజాలుంది. "ఆరవుతోందిరా" అన్నాడు బాబాయి. అంతే, దాలినాయుడు బ్రేకు వేసి, దిగి, నడిరోడ్డు మీద స్టాండు వేసి, చేతులు రెండూ పైకెత్తేశాడు. బాబాయి కాగితం చదివాడు. ముట్టుకోకూడదని ఉంది గానీ ఎవరు ముట్టుకోకూడదో రాయలేదు కాబట్టి, మనమెవ్వరమూ ముట్టుకోకూడదని తేల్చాడు.

సరే, విశ్రాంతి మొదలైంది. పిన్ని గొడుగు తెచ్చి సైకిలుకు పట్టింది. బాబాయి కుర్చీ తెచ్చి దాలినాయుణ్ణి కూర్చోబెట్టాడు. ఇటు వంకాయల రిక్షా ఆగింది, అటు టమాటాల వ్యాను ఆగింది. వెనక ఉన్నవాళ్ళు ధర్నా అనుకున్నారు. ఎందుకు ధర్నా అని ఎవరో అడిగారు. ఇంకేముంది, దాలినాయుడు కుర్చీ ఎక్కాడు. రాజీ లేని పోరాటం అన్నాడు, పిడికిలి బిగించాడు. ఆవేశం వస్తే అతనికి కళ్ళు మూతపడతాయి. మూతపడ్డాయి.

వ్యాను తోలే వీర్రాజు దిగి, ఆ సైకిల్ ఎక్కడికి వెళ్ళాలండీ అని పిన్నిని అడిగాడు. మా ఇంటికి, ఆ నీలం గేటు, అంది పిన్ని. అడిగితే చెప్పాలి కదా. వీర్రాజూ ఇద్దరు కూలీలూ సైకిల్ ఎత్తి వ్యాన్లో పెట్టి, నీలం గేటు ముందు దింపారు. బాబాయి చూస్తూనే ఉన్నాడు. ఆపాలంటే సైకిల్ పట్టుకోవాలి. పట్టుకోకూడదు.

దాలినాయుడు కళ్ళు తెరిచేసరికి సైకిల్ లేదు. ఇంటికి పరుగెత్తాడు. సంగతి విని గుమ్మంలో కూలబడ్డాడు. గదులు పోయాయి, పుస్తకాలు చెదల పాలయ్యాయి, చరిత్ర క్షమించదన్నాడు.

వీర్రాజుకి జాలేసింది. "దీనికింత బాధేంటండీ. రేపు పొద్దున్నే అక్కడిదాకా తొక్కుకెళ్ళి, మళ్ళీ తొక్కుకురండి. సరిపోద్ది."

"ముందడుగే తప్ప వెనకడుగు వేయనని కరపత్రం రెండో పేజీలో రాశాను" అన్నాడు దాలినాయుడు నీరసంగా.

బాబాయి బాగా ఆలోచించాడు. వ్యాను చేసిన తప్పు వ్యానే దిద్దాలి. సైకిల్ ఎక్కించి, రివర్సు గేరులో వెనక్కి తీసుకెళ్తే వచ్చిన దూరం తీసివేతలో పోతుంది. వీర్రాజు కాదన్నాడు. ముగ్గురూ వ్యాను ముందు పడుకున్నారు. వీర్రాజు అవునన్నాడు.

వ్యాను వెనక్కి నడిచింది. రెండు టమాటా పెట్టెలు జారాయి, ఓ ఆవు ఆనందించింది. సైకిల్ మళ్ళీ నడిరోడ్డు మీద నిలబడింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. అప్పటిదాకా వేళ్ళు మడుస్తున్న పిన్ని అంది: "ఒరే దాలీ, పోయేటప్పుడు మూడొందలు, వచ్చేటప్పుడు మూడొందలు. వ్యాను ఎక్కింది ఆరొందలు కదరా."

మళ్ళీ ఓసారి తీసుకెళ్దామన్నాడు బాబాయి. అప్పటికి వీర్రాజు సందు మలుపు తిరిగిపోయాడు.

ఇక దాచేది లేదని దాలినాయుడు వైకుంఠమ్మ టీచరుకు ఫోన్ చేసి, ఆత్మవిమర్శ చేసుకుంటున్నానంటూ జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చాలాసేపు నవ్వింది.

"మూడొందల గజాలకి ఏడుస్తావేమిట్రా. ఇక్కడ తుఫాను అంటున్నారు. నిన్ననే గదులు కడిగించి పుస్తకాలన్నీ సర్దించేశాను. పిల్లలు అప్పుడే చదువుకుంటున్నారు. నువ్వు బస్సెక్కి వచ్చెయ్యి నాన్నా."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. దాలినాయుడి ముఖం ఎర్రబడింది. షరతు పెట్టినావిడే షరతు మీరడమా. ఇది రాజీ. ఇది లొంగుబాటు. ఇలాంటి గదుల్లో చదువుకున్నవాళ్ళు రేపు దేనికి నిలబడతారు. నిజమేరా అన్నాడు బాబాయి. పిన్ని కాగితం, పెన్ను తెచ్చింది. నడిరోడ్డు మీద, సైకిల్ పక్కన కుర్చీలో కూర్చుని, రెండు వైపులా హారన్లు మోగుతూండగా దాలినాయుడు రాశాడు. సాక్షులుగా బాబాయీ పిన్నీ సంతకాలు పెట్టారు.

"గౌరవనీయులైన వైకుంఠమ్మ గారికి. ప్రతిజ్ఞ భంగమైనందున గదుల మీద నాకు గానీ ప్రజలకు గానీ ఏ హక్కూ లేదు. అయినా గదులు ఇచ్చి మీరు నా ఓటమిని అవమానించారు. కనుక చదువుకుంటున్నవాళ్ళను వెంటనే లేపి, పుస్తకాలను తిరిగి గోనెసంచుల్లోకి ఎక్కించి, మిల్లుకు చేర్చవలెను. షరతును ఎందుకు సడలించారో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. అది అందేవరకు మా పోరాటం మీ మీదనే. గడువు: నవంబరు 20, సాయంత్రం అయిదు గంటలు."