తీతువు పిట్ట తొలి కాన్పు

మామిడి తోట విరగబూసింది. వేపచెట్లు ఎర్రటి చిగుళ్లేశాయి. తోట చివరి కుంటలో నీళ్లు ఒడ్డు వదిలి నడిమికి జరిగాయి. సరిగ్గా అప్పుడే గట్టు మీది గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడు లేదు, పుల్లా లేదు! వాళ్ల వంశంలో అంతే. ఆ గుడ్లు కూడా అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి లెండి.

తొలి కాన్పు కదా, పాపం ఒకటే బెంగ. ఎవరి అడుగు చప్పుడైనా సరే, పరిగెత్తుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది.

కుంటలో పడుకున్న గేదె చూసి చూసి విసుక్కుంది. "ఒసే పిచ్చిమొహమా! నువ్వలా వచ్చి కూర్చుంటే, ఇక్కడున్నాయి రండని చాటింపేసినట్టు కాదటే?"

"మరేం చెయ్యను అత్తా? వదిలి వెళ్తే నా ప్రాణం ఆగదు."

"ఆగాలి. మీ అమ్మ ఏం చేసేదో నేను కళ్లారా చూశాను. ఏడుపొస్తే దూరంగా పోయి ఏడువు."

గుడ్లు పగలడానికి ఇంకో రెండు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం ముంగిస దిగబడింది. దాని మాటలకు చీమలు పట్టాలి, అంత తీపి.

"ఏం చెల్లెమ్మా, అంత చిక్కిపోయావు? గుడ్లు పెట్టావటగా. మేనమామని, ఒక్కసారి చూసి దీవించి పోతా."

తీతువు కాళ్లు గుడ్ల వైపే లాగాయి. అయినా మనసు రాయి చేసుకుని అవతలి ఒడ్డుకు ఎగిరింది. ఒక రెక్క నేలకు ఈడుస్తూ గోలెత్తింది.

"అన్నా, నీకు దండం పెడతా! ఇటు మాత్రం రాకు!"

"ఓహో, అక్కడా!" అనుకుంది ముంగిస. ఆ ఒడ్డున బురద పైపైన ఎండి పెచ్చుకట్టి ఉంది. ముంగిస పరిగెత్తి ఒక్క గెంతు గెంతింది. పెచ్చు విరిగి మెడదాకా దిగబడింది.

"ఏమయ్యా మేనమామా, దీవించడం అయిందా?" అని అడిగింది గేదె.

ముంగిస ఎలాగో పాక్కుంటూ బయటపడింది. ముక్కు నిండా, కళ్ల నిండా బురదే. తిరిగి గట్టెక్కి, ఆ గులకరాళ్ల మధ్యే ఆగి ఒళ్లు దులుపుకుంది. దాని కాలికీ గుడ్డుకీ బెత్తెడు దూరం. తీతువుకు పైప్రాణాలు పైనే పోయాయి. అయినా అవతలి ఒడ్డు వదలకుండా ఇంకా గట్టిగా ఏడ్చింది. ఈసారి ఏడుపు నిజమే.

"ఏడు, అక్కడే ఏడు! నీ గుడ్లూ వద్దు, నువ్వూ వద్దు," అని తిట్టుకుంటూ ముంగిస వెళ్లిపోయింది.

తీతువు పొట్ట నీళ్లలో తడుపుకుని ఉరికొచ్చింది. ఎండకు కాగిన గుడ్లను చల్లగా పొదువుకుంది. లోపల్నించి కిచకిచమని సన్నటి సవ్వడి.

"అత్తా, పిలుస్తున్నాయే!" అంది తీతువు. గేదె కళ్లూ చెమర్చాయి, అడిగితే ఒప్పుకోదు గానీ.

నీతి: గోల ఉన్నచోటే గుట్టుందనుకునేవాడికి బురదే దక్కుతుంది.