విరిగిన జంతికల పొట్లాలు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కనే ఉన్నా సముద్రం కనపడనంత ఇరుకు సందులో, ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉండేది. అందులో నాలుగో అంతస్తులో తన్మయి అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే, నాలుగో తరగతి. బొద్దుగా, బుగ్గలు బూరెల్లా ఉండేవి. నవ్వకు, ముందు నీ బుగ్గలు చూసుకో.

వాళ్ళ నాన్న హైదరాబాదు బస్సు డ్రైవరు. ఇవాళ వెళితే ఎల్లుండి పొద్దున వచ్చేవాడు, వచ్చీ రాగానే పడుకునేవాడు. వాళ్ళమ్మ ఝాన్సీ. ఒక స్వగృహ ఫుడ్స్ కొట్లో జంతికలు వత్తేది. పొద్దున పిల్లని స్కూలు వ్యానెక్కించి వెళ్ళిందంటే మళ్ళీ ఏడున్నరకి గానీ ఇల్లు చేరేది కాదు.

తన్మయి రోజెలా గడిచేదో చెప్తా విను. గుమ్మం ముందు వ్యానెక్కి కూర్చునేది. బళ్ళో కూర్చునేది. ఆటల పీరియడని ఒకటుండేది గానీ, దాన్ని లెక్కల మేడం తీసేసుకునేది. మళ్ళీ వ్యానులో కూర్చుని, లిఫ్టులో పైకొచ్చి, టీవీ ముందు కూర్చునేది. దేవుడు కాళ్ళిచ్చింది చెప్పులేసుకోడానికే అన్నట్టుండేది ఆ పిల్ల బతుకు.

ఇంటి తాళం ఎదురింటి కామేశ్వరమ్మ గారి దగ్గరుండేది. ఆవిడ పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులు. తలుపు తీసిచ్చి, "భద్రమే తల్లీ, నేనిక్కడే ఉన్నా" అని వెళ్ళి ఆవిడ కుర్చీలో ఆవిడ కూర్చునేది.

అప్పుడు మొదలయ్యేది తన్మయి ఎదురుచూపు.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. వేయించేటప్పుడు విరిగిన జంతికలు అమ్మకానికి పనికిరావు. సాయంత్రం వాటిని పనివాళ్ళకి పంచేసేవారు. ఝాన్సీ తన వాటా తెచ్చి, మర్నాడు పొద్దున వెళ్ళేముందు మూడు పొట్లాలు కట్టి బల్ల మీద పెట్టేది. "ఇవి తింటూ ఉండు బంగారం, నేనొచ్చేస్తా" అనేది. పిల్ల దగ్గర తను లేకపోయినా తన చేతి వంట ఉంటుంది కదా అని ఆ తల్లి తృప్తి.

ఆ తర్వాత లిఫ్టు గుర్రుమనేది. తన్మయి లేచి తలుపు దగ్గరికి పోయేది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోయేది. అమ్మ కాదు. అప్పుడొక పొట్లం విప్పేది. మళ్ళీ లిఫ్టు గుర్రుమనేది, పైకి దాటిపోయేది. అప్పుడు రెండో పొట్లం. మూడోసారి కూడా అమ్మ కాకపోతే మూడో పొట్లం. అమ్మ వచ్చేసరికి పిల్ల కడుపు నిండేది, దిగులు మాత్రం అలాగే ఉండేది.

అలా ఏడాది గడిచింది. అప్పుడు యూనిఫాం హుక్కు పట్టటం మానేసింది. ఆ తర్వాత రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఆ తర్వాత బళ్ళో పిల్లల్ని తూచే రోజొచ్చింది. తూచినావిడ బరువుని మైకులో చెప్పినట్టు గట్టిగా చెప్పింది. చెప్పేవాళ్ళకి ఆ మాత్రం తెలివుండొద్దూ? క్లాసంతా నవ్వింది.

ఝాన్సీ పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది పిల్ల తప్పు కాదమ్మా" అంది డాక్టరమ్మ. "పట్నంలో చాలామంది పిల్లల్ని ఇలాగే చూస్తున్నా. పొద్దస్తమానం కూర్చోబెడతాం, చేతికో పొట్లం ఇస్తాం. ఒంట్లో కొవ్వు చేరక ఏమవుతుంది? రోజూ ఓ గంట కాళ్ళకి పని చెప్పండి. ఆ నూనె సరుకు తగ్గించండి."

ఝాన్సీకి ఆఖరి మాట ఒక్కటే చెవికెక్కింది. నా చేత్తో నేనే చేశానే ఈ పని అని ఏడ్చింది. మర్నాటి నుంచి బల్ల మీద పొట్లాలు లేవు. కీరా ముక్కలూ, ఉడికించిన శనగలూ పెట్టి వెళ్ళింది.

లిఫ్టు మాత్రం మానలేదు కదా. మొదటి రోజు అది గుర్రుమన్నప్పుడు తన్మయి పంచదార డబ్బా వెతికింది. రెండో రోజు కామేశ్వరమ్మ గారింటికి వెళ్ళి ఆవిడ టీలో ముంచుకునే బిస్కెట్లన్నీ తినేసింది. మూడో రోజు ఏమీ దొరకలేదు. అప్పుడు అమ్మ కొట్టుకి కట్టుకెళ్ళే చీర తీసి ఒళ్ళో పెట్టుకుంది. చీర నిండా వాము వాసన, నూనె వాసన. దాంట్లో మొహం పెట్టుకుని అలాగే నిద్రపోయింది.

ఝాన్సీ వచ్చి చూసింది. "ఆకలేసిందా అమ్మలూ?" అంది.

"ఆకలి కాదమ్మా. లిఫ్టు వచ్చినప్పుడల్లా నువ్వే అనుకుంటా. నువ్వు కాకపోతే ఒక జంతిక తింటా. అప్పుడు కాసేపు నువ్వున్నట్టుంటుంది" అంది తన్మయి.

ఆ మాటకి ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుందో నీకు ఇప్పుడు తెలీదులే. మర్నాడే వెళ్ళి యజమానిని కాస్త ముందుగా పంపమని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. "సాయంత్రమే కదమ్మా మన బేరమంతా" అన్నాడు. ఝాన్సీ తల వంచుకుని పిండి కలుపుకుంది.

అప్పుడు ఒకరోజు కరెంటు పోయింది. లిఫ్టు ఆగిపోయింది. తన్మయి చెవులు రిక్కించి కూర్చుంది గానీ ఏ చప్పుడూ లేదు. అమ్మ వస్తే ఎలా తెలుస్తుంది? కూర్చోలేకపోయింది. తలుపు తీసి మెట్లు దిగటం మొదలెట్టింది.

"ఎక్కడికే ఒక్కర్తివీ?" అని కామేశ్వరమ్మ గారు వెనకే బయల్దేరింది. ఆవిణ్ణీ నడవమని ఆవిడ డాక్టరు చెప్పి రెండేళ్ళయింది, విన్నదెవరు? గోడ పట్టుకుని, మూలుగుతూ దిగింది. ఆ రోజు ఇద్దరూ గేటు దాకా వెళ్ళి నిలబడ్డారు. మర్నాడు సందు చివర మందుల షాపు దాకా వెళ్ళారు. ఆ తర్వాతి రోజు బస్సు స్టాపు దాకా వెళ్ళారు.

బస్సు దిగిన ఝాన్సీ పిల్లని చూసి, "నిన్నెవరు రమ్మన్నారే?" అంది. కోపంగానే అందామనుకుంది, కానీ అంటూనే పిల్ల చెయ్యి పట్టేసుకుంది.

అప్పట్నుంచి రోజూ అంతే. బస్సు స్టాపు నుంచి ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంటలో తన్మయి రోజంతా దాచుకున్న కబుర్లన్నీ చెప్పేది. కరెంటు ఉన్నా మెట్లే ఎక్కేవారు, కబుర్లు ఇంకా మిగిలుండేవి మరి. కొన్నాళ్ళకి హుక్కు పట్టింది, ఆయాసం తగ్గింది. రివటలా అయిపోయిందనుకునేవు, లేదు. బొద్దుగానే ఉంది. కాకపోతే ఉషారుగా ఉంది.

అయినా ఇల్లు చేరగానే అమ్మకి వంట, అంట్లు, ఆపైన నిద్ర. మళ్ళీ పావుగంట కోసం మర్నాడంతా ఆగాలి. ఆ పిల్లకి అమ్మ మీద బెంగ తీరనే లేదు.

అంతలో దీపావళి దగ్గర పడింది. ఒక సాయంత్రం మొదటి బస్సొచ్చింది, అమ్మ దిగలేదు. రెండో బస్సొచ్చింది, దిగలేదు. మూడో బస్సులోనూ లేదు. కామేశ్వరమ్మ గారు ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"మామ్మగారూ, అవతలి స్టాపు దాకా వెళ్దామా? బస్సుకి ఎదురెళ్తే అమ్మ ముందే కనపడుతుంది" అంది తన్మయి.

"నీకేం తల్లీ, మోకాళ్ళు నావి" అంటూనే ఆవిడ కదిలింది.

ఆ స్టాపులో అమ్మ లేదు. ఆ పై స్టాపు దాకా నడిచారు. అక్కడా లేదు. ఇంకొక్కటే అంది పిల్ల. కామేశ్వరమ్మ గారు దారిలో అరుగు మీద ఒకసారి కూర్చుని లేచింది. మూడో స్టాపు దగ్గర దీపాలు పెట్టిన పెద్ద కొట్టు కనపడింది. బోర్డు మీద ఉన్న పేరు తన్మయికి బాగా తెలుసు, రోజూ పొట్లాల కవరు మీద చదివిందే.

కొట్టు పక్క సందులోంచి తొంగి చూసింది. లోపల పెద్ద మూకుడు. దాని ముందు అమ్మ, జుట్టు నుదుటికి అంటుకుపోయి, రెండు చేతులతో జంతికల గొట్టం తిప్పుతోంది. తన్మయి ఎప్పుడూ చూడని అమ్మ.

"అమ్మా" అంది మెల్లగా.

ఝాన్సీ తలెత్తి చూసింది. చేతిలో గొట్టం పక్కన పెట్టేసింది. "ఆర్డర్లు ఎక్కువొచ్చాయమ్మా, ఫోను చూసుకోలేదు. ఎలా వచ్చావే, నడిచా?"

తన్మయి వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసింది. మళ్ళీ అమ్మని చూసింది.

"ఇంత దగ్గరున్నావా అమ్మా? నువ్వు చాలా దూరంలో ఉంటావనుకుని అన్నాళ్ళూ లిఫ్టు దగ్గరే కూర్చున్నా" అంది.

ఝాన్సీ చేతులకి పిండి ఉందని, మోచేతులతోనే పిల్లని దగ్గరికి లాక్కుంది.

కథ నడిచీ నడిచీ కంచికి,
అమ్మా కూతుళ్ళు ఇంటికి,
నిద్ర నడిచొచ్చె నీ కంటికి.