కుసుమ చెరపబోయిన చుక్క

సముద్ర పటం మీద తను పెట్టిన చుక్క తప్పని తేలగానే కుసుమకు ముఖం వేడెక్కింది.

ఉత్తరానికి పోతున్న సరుకు ఓడలో ఆమె కొత్త అధికారిణి. పొద్దున్న దీపస్తంభం దాటినప్పటి నుంచి ఓడ దిక్కూ వేగమూ చూసుకుంటూ పటం మీద గీత గీసింది. ఇప్పటికి ఓడ ఎక్కడుండాలో లెక్కకట్టి చుక్క పెట్టింది. తీరా ఒడ్డున కొండనీ, మరో దీపస్తంభాన్నీ గురిచూసి కొలిస్తే ఓడ అక్కడ లేదు. బాగా ఒడ్డువైపు జరిగిపోయింది. ఇలాగే పోతే ముందు ఇసుక మేట ఉంది.

లెక్క మళ్ళీ చేసింది. తప్పు దొరకలేదు. దాంతో చుక్కాని పట్టిన ఎర్రయ్య మీద విరుచుకుపడింది. చెప్పిన దిక్కు వదిలేసి ఓడని ఎటో తోలుతున్నాడంది. రోజూ ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి. ఆయన మాత్రం దిక్సూచి మీంచి చూపు తిప్పలేదు.

ఆ కేకలకి కెప్టెన్ రహమతుల్లా వచ్చారు. ఆమెకు పటం మీద ఓడ దారి గీయడం నేర్పుతున్నది ఆయనే. ఆయన్ని చూసి కుసుమ గబగబా రబ్బరు తీసి చుక్కని చెరపబోయింది. ఆయన ఆ రబ్బరు మెల్లగా తీసుకుని జేబులో వేసుకున్నారు.

"అది తప్పు చుక్క సార్," అంది కుసుమ.

ఆయన ఆమె గీతంతా కొలిచి చూశారు. వెళ్ళి దిక్సూచి చూసి, ఎర్రయ్య భుజం తట్టి వచ్చారు. తర్వాత పెన్సిలు తీసుకుని, ఆమె పెట్టిన చుక్క నుంచి ఓడ నిజంగా ఉన్న చోటికి ఒక చిన్న గీత గీసి, కొసన బాణం గుర్తు పెట్టారు.

"మనల్ని ఇటు ఎవరు తోశారమ్మా?"

కుసుమ బయటికి చూసింది. గాలి లేదు. నీళ్ళ మీద పెద్ద అలలు కూడా లేవు.

"ప్రవాహం," అంది.

"ఎంత జోరుగా?"

ఆమె ఆ చిన్న గీతని కొలిచి, గడిచిన గంటలతో భాగించి చెప్పింది. ఆయన పెన్సిలు ఆమె చేతికిచ్చారు. ఆమే ఆ తోపుడుని లెక్కలో కలుపుకుని, ఓడ ముక్కు కాస్త సముద్రం వైపుకి ఉండేలా కొత్త గీత గీసింది.

వెళ్ళి ఎర్రయ్య పక్కన నిలబడింది. "బాబాయ్, నువ్వు సరిగ్గానే పట్టావు. తప్పు నాదే," అని, కొత్త దిక్కు చెప్పింది.

ఎర్రయ్య చుక్కాని తిప్పాడు. "పొద్దున్నించి ఏటీ తిన్నేదు గదమ్మా. ఎల్లి తినిరా," అన్నాడు.

మధ్యాహ్నానికి మేట మీది నురుగు ఎడమ పక్కన దూరంగా కనిపించి వెనక్కి పోయింది. కుసుమ అది చూస్తూ, ఎంతైనా తన మొదటి చుక్క తప్పేగా అని గొణిగింది.

"నువ్వు అంత జాగ్రత్తగా గీశావు కాబట్టేగా," అన్నారు కెప్టెన్, "సముద్రం ఏం చేసిందో తెలిసింది."