మూడు తోలుబొమ్మల దారి

అనగా అనగా కొండ మీద ఒక కోట. ఆ కోటలో బావి ఎండిపోయింది. కొండ కింద శత్రువు గుడారాలు వేసుకుని కూర్చున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, సొరంగంలోంచి తప్పించుకోవడం. కానీ ఆ సొరంగం నిండా చీలికలు. దారి తప్పితే బతకరు.

పోయిన రాజు ఆ దారిని మూడు తోలుబొమ్మల్లో దాచాడు. పులి, లేడి, ఏనుగు. ఒంటినిండా చిల్లులతో, చూసేవాళ్లకు అవి ఉత్త ఆటబొమ్మలు. ఒకదాని మీద ఒకటి పేర్చి దీపం ముందు పెడితే, మూడింటి చిల్లులూ కలిసినచోటే వెలుగు దాటుతుంది. ఆ వెలుగు చుక్కలే దారి. పులిని సేనను నడిపే దళవాయి తిప్పరాజుకు, లేడిని గుండయ్య సెట్టికి ఇచ్చి, ఏనుగును రాణి నాగలాంబ దగ్గర ఉంచాడు. పోయేముందు రాణికి మాత్రం ఒక సంగతి చెప్పాడు. బొమ్మల అంచున కూడా చిల్లులున్నాయి. కానీ ఏ రెండు బొమ్మలు కలిపినా అంచు చీకటిగానే ఉండాలి. అక్కడ వెలుగు దాటితే ఎవరో చేయి వేశారన్నమాట.

రాణి కిటికీలు మూయించి దీపం వెలిగించింది. బొమ్మలు పేర్చారు. ఒక దారికి బదులు ఐదారు దారులు కనిపించాయి. ఏదో ఒక బొమ్మ మీద ఎవరో చేయి వేశారు.

బయట జనం మూటలు కట్టుకుని కూర్చున్నారు. పసిపిల్లలు నీళ్లకు ఏడుస్తున్నారు. అంచు సంగతి ఆమె ఇద్దరికీ చెప్పింది.

"దళవాయిగారి పులికి ఈ మధ్య తూట్లు ఎక్కువైనట్టున్నాయి," అన్నాడు సెట్టి.

"లేడిని ఎంతకు అమ్మావు సెట్టీ?" అన్నాడు దళవాయి.

రాణి ఇద్దరినీ ఆపింది. "ఎవరి బొమ్మ మారిందో వాళ్లు సొరంగంలో అందరికంటే వెనక నడవాలి. శత్రువు తరుముకొస్తే మొదటి దెబ్బ వాళ్లే తినాలి."

ఇద్దరూ ఒప్పుకున్నారు.

పులినీ లేడినీ కలిపింది. అంచు చీకటి. లేడినీ ఏనుగునూ కలిపింది. అంచున వెలుగు. పులినీ ఏనుగునూ కలిపింది. మళ్లీ వెలుగు.

ఏనుగు రాణిది.

అప్పుడు ఆమెకు తమ్ముడు గుర్తొచ్చాడు. సాయం తెస్తానని కోట దాటి వెళ్లి, తిరిగి రాలేదు. వెళ్లేముందు బొమ్మ పెట్టె తాళంచెవి అడిగాడు. సొంతవాడని ఇచ్చింది. ఎందుకని కూడా అడగలేదు.

ఏనుగును దీపానికి దగ్గరగా పట్టింది. పాత చిల్లుల చుట్టూ నూనె పట్టి నల్లబడి ఉంది. కొత్తవాటి చుట్టూ తోలు తెల్లగా ఉంది. కొత్తవాటిని మైనంతో పూడ్చింది. మళ్లీ రెండేసి బొమ్మలు కలిపి చూసింది. అంచు చీకటి. మూడూ పేర్చారు, లోపల ఒక్కటే దారి.

"మీరు ముందుండండి తల్లీ. వెనక నేను నడుస్తాను," అన్నాడు దళవాయి.

"మారింది నీ బొమ్మ కాదు తిప్పరాజూ," అంది రాణి.

జనం సొరంగంలోకి దిగారు. దళవాయీ సెట్టీ దారి చూపారు. పైన కోట తలుపులు విరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా, చివరి బిడ్డ లోపలికి వెళ్లేదాకా రాణి కదల్లేదు. అందరి వెనకే నడిచింది. అవతలి ఏటి ఒడ్డున అందరికంటే చివర బయటికి వచ్చింది ఆమే.

కనుక పిల్లలూ, అనుమానం వచ్చినప్పుడు మన చేతిలోదాన్ని కూడా వెలుగుకు పట్టి చూడాలి, మనం పెట్టిన నియమం మన మీదే పడితే దానికి తలవంచాలి.