రాజుగారు తిన్నట్టు రిపోర్టు

నల్లవాగు సంస్థానం ఏ కాలంలో ఉండేదని నన్ను అడగొద్దు. అక్కడ అంబారీ ఏనుగులూ ఉండేవి, వైఫై కూడా ఉండేది. తిమ్మభూపతి మహారాజుకి పొద్దున్నే ఒక కోరిక పుట్టేది. మధ్యాహ్నానికి అది ఎవరో ఒకరి మెడకి చుట్టుకునేది. ఆ రోజు గవరమ్మ మెడకి చుట్టుకుంది.

గవరమ్మ రాచభోజనశాలలో వడ్డన పెద్ద. మూడొందల ఆకులు వేసినా ఒక్క ఆకులో ఉప్పు మరిచిపోనివ్వని మనిషి.

"పట్టాభిషేకం పండగకి వడ్డనంతా ఒక ప్రోగ్రామే నడిపించాలి," అన్నాడు రాజు. "ఏ ఆకులో ఏది ఎప్పుడు వెయ్యాలో వడ్డించేవాళ్ల ఫోన్లకి అదే చెప్పాలి. మన చిత్తం రాస్తాడు."

చిత్తం అంటే ఆస్థానంలో కోడ్ రాసే ఏఐ సహాయకుడు. వాడికి దర్బారు ఉత్తరాలన్నీ చదివించి పెంచారు. దాంతో వాడికి 'చిత్తం ప్రభూ' అనడం వచ్చింది గానీ, 'తెలీదు ప్రభూ' అనడం రాలేదు. ఆ ఆస్థానంలో ఆ మాట అన్నవాడుంటే కదా!

"అయితే వాడితో ఏ పని తర్వాత ఏ పని చేయించాలో వరస ఎవరు రాస్తారు?" అని అడిగాడు రాజు.

యంత్రసరస్వతి భైరవభట్లు మీసం దువ్వుకుంటూ లేచాడు. ఆ బిరుదు ఆయన తనకి తానే ఇచ్చుకున్నాడు.

"నా వరసలో ఒకటే మెట్టు ప్రభూ! మొత్తం రాయి, నువ్వే పరీక్షించుకో, ఎవర్నీ అడక్కు, ఎక్కడా ఆగకు, 'కాలేదు' అన్న మాట నా చెవిన పడనివ్వకు. అంతే!"

"శభాష్!" అన్నాడు రాజు.

గవరమ్మ ఊరుకోలేకపోయింది. "నా వరసలో నాలుగు మెట్లు ప్రభూ. ముందు తనకి తెలియనివన్నీ అడగాలి. తర్వాత ఒక్క ఆకుకి మాత్రమే రాయాలి. మా మనిషి ఆ ఆకు దగ్గరికెళ్లి, కళ్లారా చూసి, సరే అనేదాకా ఆగాలి. ఆ తర్వాతే బంతి మొత్తానికి రాయాలి."

"ఇదేమన్నా గరిటె తిప్పడం అనుకుంటున్నావా అమ్మా?" అని భట్లు పకపకా నవ్వాడు.

"తగువెందుకు? ఇవాళ మధ్యాహ్నం నాకూ భట్లుకీ రెండాకులు వెయ్యండి. ఎవరి వరస ముందు పని పూర్తిచేయిస్తే వాళ్లది గెలుపు," అన్నాడు రాజు. "ఓడావో గవరమ్మా, వడ్డన శాఖే ఎత్తేస్తాను."

గవరమ్మ తన మనుషుల వైపు చూసింది. ఆవిడ కింద నలభై మంది ఉన్నారు. నలభై ఇళ్ల పొయ్యిలు ఆ శాఖ మీదే వెలుగుతున్నాయి.

మధ్యాహ్నం సభంతా చూస్తుండగా రాజూ, భట్లూ ఆకుల ముందు కూర్చున్నారు. చిత్తాన్ని రెండు ల్యాప్‌టాప్‌లలో పెట్టి, ఒకదానికి భట్లు వరస, ఇంకోదానికి గవరమ్మ వరస ఇచ్చారు.

గవరమ్మ వైపు చిత్తం వెంటనే అడిగాడు. "ఇవాళ్టి వంటకాల జాబితా ఎక్కడుంది?"

గవరమ్మ కొంగున ముడేసుకున్న చీటీ తీసి చదివింది.

"ప్రభువులకి పప్పులో నెయ్యి ముందా, తర్వాతా? కాకరకాయ తింటారా? చారు వేడిగానా, గోరువెచ్చగానా?"

"వీడికి ఇన్ని ప్రశ్నలేమిటి!" అని రాజు విసుక్కున్నాడు. ఆయన కడుపులో అప్పటికే ఎలుకలు పరుగెడుతున్నాయి.

ఇంతలో భట్లు ల్యాప్‌టాప్ టింగుమంది.

"అయిపోయింది ప్రభూ!" అని భట్లు ఎగిరి గంతేశాడు. "చూడండి, నలభై రెండు పనులు, నలభై రెండు పచ్చ టిక్కులు! ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు!"

ఆ పచ్చదనం చూసి రాజు మురిసిపోయాడు. "భలే! గెలుపు భట్లుదే! వడ్డన శాఖ ఎత్తేయండి!"

గవరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే ఆగింది. వంటకాల చీటీ తన చేతిలోనే ఉంది. భట్లు చిత్తం దాన్ని అడగలేదు. ఆయనా ఇవ్వలేదు. మరి వాడు దేన్ని వడ్డించినట్టు?

ఆవిడ భట్లు రిపోర్టు మీద ఒకసారి కన్నేసింది. తర్వాత నెమ్మదిగా వంగి, రాజుగారి ముందున్న ఖాళీ ఆకుని మడిచి చేతిలోకి తీసుకుంది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"ఆకు తీస్తున్నాను ప్రభూ. భోజనం అయ్యాక తియ్యడం మా పద్ధతి కదా. తమరు కాస్త లేస్తే రెండో బంతి కూర్చుంటుంది. గుమ్మంలో జనం కాచుకునున్నారు."

"నేనింకా ముద్ద ముట్టలేదు!"

"అదేమిటి ప్రభూ?" గవరమ్మ రిపోర్టు చదివింది. "'మహారాజు పప్పన్నం తిన్నారు, అయింది. పెరుగన్నం తిన్నారు, అయింది. తృప్తిగా త్రేన్చారు, అయింది.'"

"నేను త్రేన్చలేదు!" అని రాజు గర్జించాడు.

భట్లు నీళ్లు నమిలాడు. "ప్రభువులు... కొంచెం చిన్నగా త్రేన్చి ఉంటారేమో..."

"గాలి తిని త్రేన్చానా?"

గవరమ్మ చేతులు కట్టుకుంది.

"ఈ రిపోర్టు తప్పా, తమ కడుపు తప్పా ప్రభూ? సెలవివ్వండి, తప్పున్నదాన్నే సరిచేయిస్తాను."

రాజు ఏదో అనబోయాడు. అప్పుడు రాజుగారి కడుపు గుర్రుమంది. గుమ్మంలో కాపలావాడికి కూడా వినబడింది.

ముందు రాజే నవ్వాడు. ఆ తర్వాత సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

"ఆకు వెయ్యి తల్లీ, ముందు ఆకు వెయ్యి!" అన్నాడు రాజు, తన చేతి బంగారు కంకణం తీసిస్తూ. "నీ శాఖ చెక్కుచెదరదు. ఇకమీదట చిత్తం ఏ పని చేసినా నీ నాలుగు మెట్ల మీదుగానే. నీ మనిషి కళ్లారా చూస్తేగానీ 'అయింది' అనడానికి వీల్లేదు!"

గవరమ్మ కంకణం కళ్లకద్దుకుని, రాజుగారికి కొత్త ఆకు వేసి, వేడివేడి అన్నం వడ్డించింది. భట్లు కూడా ఆశగా తన ఆకు మీద నీళ్లు చిలకరించుకున్నాడు.

"గవరమ్మా, ఆ రిపోర్టులో చివరి టిక్కు దేనికి?" అని అడిగాడు రాజు, ముద్ద కలుపుతూ.

"'భట్లుగారు కడుపునిండా తిన్నారు, ఇక చాలన్నారు, అయింది' అని ఉంది ప్రభూ."

"పాపం, చాలన్నవాణ్ణి బలవంతం చెయ్యకూడదు. ఆయన ఆకు తీసెయ్యి!"