ఇద్దరు నర్సులు, ఒక ఇంజెక్షన్

సలోమమ్మ గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో పని ముగించి, చేతులు కడుక్కుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాకే నోరు విప్పేవారు. ముప్పై రెండేళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత ఏలూరులో మా నర్సింగ్ కళాశాలకు పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి ఆమె.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మాకు డ్రెస్సింగ్ ట్రే సర్దడం చూపిస్తుండగా పాత శిష్యురాలు దీవెన వచ్చింది. ఆరేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగేసింది.

“మేడం, నాకు నెలకు ఇరవై ఎనిమిది వేలు. నాకంటే మూడేళ్లు చిన్నది ఒకమ్మాయి రెండేళ్లు పైచదువు చదివి నర్స్ ప్రాక్టీషనర్‌గా వచ్చింది. ఆమెకు యాభై వేలు. అదే వార్డు, అదే రోగి. సెలైన్ పెట్టేది నేను, ఒళ్లు తుడిచేది నేను, పన్నెండు గంటలు పక్కన నిలబడేది నేను. ఆమె వచ్చి, పరీక్ష చేసి, మందు రాసి వెళ్తుంది. ఆ రాతకి ఇరవై రెండు వేలా? ఇప్పుడు నన్ను కూడా ఆ కోర్సులో చేరమంటున్నారు. చేరాలంటే ఒళ్లు మండుతోంది.”

సలోమమ్మ గారు ట్రే మీద గుడ్డ కప్పారు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తాను ఉద్యోగంలో ఉన్న చివరి ఏళ్లలో జరిగిందని చెప్పి, ఈ సంగతి మాకు వినిపించారు.

అప్పుడు ఆమె ఎముకల వార్డులో స్టాఫ్ నర్సు. అక్కడికి విరజ అనే అమ్మాయి నర్స్ ప్రాక్టీషనర్‌గా వచ్చింది. సలోమమ్మ గారి కూతురి వయసు. జీతం మాత్రం సలోమమ్మ గారి కంటే ఇరవై వేలు ఎక్కువ. ఆ మాట తెలిసిన రోజు నుంచి ఆ అమ్మాయికి గుడ్ మార్నింగ్ చెప్పడం కూడా కష్టంగా ఉండేదని ఆమె దాచకుండా ఒప్పుకున్నారు.

ఆ వార్డులో నాగభూషణం అనే స్కూలు బస్సు డ్రైవరు ఉండేవాడు. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మహా మాటకారి. ఏ స్టాపులో ఏ పిల్ల ఏడుస్తుందో, ఏ తల్లి ఆలస్యంగా వస్తుందో పక్క మంచాలవాళ్లకి రోజంతా చెబుతుండేవాడు. నాలుగో రోజు ఉదయం సలోమమ్మ గారు దుప్పటి మారుస్తుంటే, ఒక వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మిగతాది చెప్పాడు. మళ్లీ అలాగే ఆగాడు. నాడి చూస్తే కొంచెం వేగంగా ఉంది, అంతే. ఆక్సిజన్ చూపే మెషీన్‌లో అంకెలు బాగానే ఉన్నాయి. అయినా ఆమె వెళ్లి విరజను పిలిచారు.

విరజ వచ్చేసరికి అంకెలు కూడా పడిపోవడం మొదలైంది. కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉంటుందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. పెద్ద డాక్టరు ఆపరేషన్ థియేటరులో ఉన్నారు. గంట దాకా బయటికి రాలేనని కబురు చేశారు. స్కాన్ గది పక్క భవనంలో ఉంది. అక్కడిదాకా తీసుకెళ్లే లోపల మనిషి నిలుస్తాడో లేదో తెలియదు. డాక్టరు అందుబాటులో లేనప్పుడు రక్తాన్ని పలచబరిచే ఇంజెక్షన్ మొదలుపెట్టే అధికారం ఆ ఆసుపత్రి నియమాల ప్రకారం విరజకు ఉంది. కానీ అది నాలుగు రోజుల కిందట కోసిన కాలు. రక్తం పలచబడితే అక్కడ కారడం మొదలవవచ్చు.

“ఇచ్చెయ్యి విరజా. నేనైతే ఈపాటికి ఇచ్చేసేదాన్ని,” అన్నారు సలోమమ్మ గారు.

విరజ ఆమె వైపు చూడకుండానే అంది: “మీకైతే సంతకం పెట్టే పని లేదు కదా, సిస్టర్.”

ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది, కాలు చూసింది, కట్టు చూసింది. కేస్ షీటులో రాసి సంతకం చేసింది. సలోమమ్మ గారు ఇంజెక్షన్ ఇచ్చారు. నాగభూషణం ఊపిరి నిలదొక్కుకుంది. తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ కనబడింది.

సాయంత్రానికి తొడ ఉబ్బింది. లోపల రక్తం చేరింది. మళ్లీ థియేటరుకు తీసుకెళ్లి కుట్లు విప్పి శుభ్రం చేయాల్సి వచ్చింది. ఒకసారి కోసినచోట మళ్లీ ఎందుకు కోశారని అతని భార్య అడిగింది. డాక్టరు కాని మనిషి రాసిన మందు వల్లనని ఎవరో చెప్పారు. ఆమె ఫిర్యాదు రాసి ఇచ్చింది. అందులో ఆమె తప్పు కూడా లేదు. ముగ్గురితో ఒక కమిటీ వేసి, తేలేదాకా విరజను డ్యూటీలోకి రావద్దన్నారు.

కమిటీ సలోమమ్మ గారిని పిలిచి ఒక్కటే అడిగింది: “విరజ రాసిన మందునే మీరు ఇచ్చారా?”

“అవునండీ.”

“మంచిది. మీరు వెళ్లొచ్చు. మీకు దీనితో సంబంధం లేదు.”

బయట బల్ల మీద విరజ కూర్చుని ఉంది. “తిన్నావా?” అని అడిగితే, “సహించడం లేదు సిస్టర్,” అంది.

“నేను మాత్రం ఇంటికెళ్లి చేపల పులుసు వేసుకుని కడుపునిండా తిన్నాను,” అన్నారు సలోమమ్మ గారు మాతో. “మంచం మీద వాలాక గానీ తట్టలేదు. ఇచ్చెయ్యమన్నది నేను. ఆ మాట ఎక్కడా రాసిలేదు కాబట్టి నాకు అన్నం సహించింది.”

మరునాడు ఎవరూ పిలవకుండానే ఆమె కమిటీ ముందుకు వెళ్లారు. ఇవ్వమని మొదట చెప్పింది తానేనని ఒక తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం చేసి ఇచ్చారు. అవసరం లేదన్నారు అధ్యక్షులు. పక్కనున్న ముసలి డాక్టరు మాత్రం కాగితం అందుకుని, “అసలు మీరేం చూసి చెప్పారమ్మా?” అని అడిగారు. వాక్యం మధ్యలో ఆగడం గురించి ఆమె చెప్పారు. ఏ నిమిషాన ఆగాడో, ఎన్నిసార్లు ఆగాడో, అంకెలు పడిపోవడానికి ఎంత ముందో చెప్పారు. ఆ డాక్టరు అదంతా రాసుకున్నారు. విరజ తొందరపడిందన్న ఆరోపణ అక్కడే తేలిపోయింది. ఇంజెక్షన్ పడకపోయి ఉంటే మనిషి స్కాన్ దాకా వచ్చేవాడు కాదని తీర్పు రాశారు.

పదకొండు రోజుల తర్వాత విరజ డ్యూటీలో చేరింది. నాగభూషణం చేతికర్ర పట్టుకుని ఇంటికెళ్లాడు. వెళ్లేముందు అతని భార్య విరజ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆనాటి నుంచి విరజ తన కేస్ షీటుల్లో “సిస్టర్ సలోమి గమనించి చెప్పగా” అని మొదటి వాక్యంలోనే రాసేది. ఆ కాగితాలు చూపించి, కనిపెట్టి చెప్పే నర్సుకు కూడా జీతంలో కొంత కలపమని సలోమమ్మ గారు యాజమాన్యాన్ని అడిగారు. గమనించడం నర్సు పనేగా, దానికి వేరే జీతం ఏముంటుందని వాళ్లు నవ్వారట.

ఇంతవరకు చెప్పి సలోమమ్మ గారు లేచారు. దీవెన అప్పటికి కూర్చుని ఉంది. మెల్లగా అడిగింది.

“అయితే ఆ తేడా న్యాయమేనంటారా మేడం?”

“విరజది ఎక్కువని నేను మళ్లీ ఎన్నడూ అనలేదు,” అన్నారు సలోమమ్మ గారు. “నాది తక్కువని మాత్రం ఇప్పటికీ అంటాను.”