పశువుల డాక్టరు కనిపెట్టిన లెక్క

నరసింగం అయ్యవారిది ఒక వింత అలవాటు. లెక్క అడిగితే ఓపిగ్గా చెప్తారు గానీ, మనసులో గుబులు అడిగితే మాత్రం "చూద్దాంలే" అని ఊరుకుంటారు. ఆ చూడటం ఎప్పుడో, ఎక్కడో ఎవరికీ తెలియదు.

ఆయన శిష్యులందరిలోకీ పెద్దవాడు పేరయ్యగారు. అరవై ఏడేళ్ల మనిషి, పశువుల డాక్టరుగా రిటైరయ్యాడు. చిన్ననాటి నుంచీ లెక్కలంటే పడిచచ్చేవాడు. కొలువు చేసిన ముప్పై ఏళ్లూ మందుల చీటీల వెనక గుణకారాలే! రిటైరయ్యాక అయ్యవారి అరుగెక్కి, ఎనిమిది నెలలు కుస్తీ పట్టి, సొంతంగా ఒక సంగతి కనిపెట్టాడు. వరుసగా నాలుగు సంఖ్యలు తీసుకుని గుణించి ఒకటి కలిపితే, వచ్చేది ఎప్పుడూ ఏదో ఒక సంఖ్యకు వర్గమే. ఒకటి నుంచి నాలుగు దాకా గుణిస్తే ఇరవై నాలుగు. ఒకటి కలపండి, ఐదైదులు ఇరవై ఐదు. రెండు నుంచి ఐదు దాకా అయితే నూట ఇరవై ఒకటి, పదకొండు పదకొండ్లు. ఎందుకలా వస్తుందో రుజువు కూడా రాశాడు. ఆ రోజు ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు.

మర్నాడే, లెక్చరరుగా చేసే ఆయన మేనల్లుడు అది చూసి నవ్వేశాడు. "మామయ్యా, ఇది పదో తరగతి గైడులోనే ఉంది గదా!"

పేరయ్యగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నోటుపుస్తకం పట్టుకుని తిన్నగా అరుగు దగ్గరికొచ్చాడు. "అయ్యవారూ, ఎవడో ఎప్పుడో కనిపెట్టేసిన దానికి నేను ఎనిమిది నెలలు తగలేశాను. ఇది నాదెలా అవుతుంది? దీన్ని పొయ్యిలో పెట్టి, ఇంక లెక్కల జోలికి రాను" అన్నాడు.

"చూద్దాంలే" అన్నారు అయ్యవారు.

అంతలో పక్కవీధి మాలకొండమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "డాక్టరయ్యా, నా ఆవు పొద్దున్నుంచీ నొప్పులు పడతా ఉంది, ఈనలేకపోతా ఉంది. కొత్త డాక్టరు ఊళ్లో లేడంట. మీరే దిక్కు!"

పేరయ్యగారు నోటుపుస్తకం అరుగుమీదే పడేసి లేచాడు. వెనకాలే ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ అయ్యవారూ వెళ్లారు. చూస్తే దూడ తల దారిలోకి వచ్చింది గానీ, ముందరి కాలొకటి వెనక్కి మడతపడింది. పేరయ్యగారు మోచేతుల దాకా సబ్బునీళ్లు రాసుకుని, దూడను మెల్లగా లోపలికి నెట్టి, గిట్టను అరచేత్తో కప్పి ముందుకు తెచ్చాడు. ఆవు ముక్కినప్పుడల్లా లాగాడు. అరగంటకు దూడ గడ్డిమీద జారిపడి, తుమ్మి, తల విదిలించింది.

"పెయ్యమ్మా, పెయ్య!" అని కేకేశాడు పేరయ్యగారు, జన్మలో దూడను చూడనివాడిలాగా. ఒళ్లంతా తడి, ముఖమంతా నవ్వు. మాలకొండమ్మ కళ్లు తుడుచుకుంటూ, "తొలిచూలయ్యా, తొలిచూలు!" అని వీధంతా వినబడేట్టు అరిచింది.

"ఎవరికమ్మా తొలిచూలు?" అన్నారు అయ్యవారు.

మాలకొండమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "భలేవారే అయ్యోరూ! ఇంకెవరికి, దీనికే! ఊళ్లో ఆవులు ఎన్నిసార్లు ఈనితే దీనికేం?"

పేరయ్యగారు దూడ వంకా, అయ్యవారి వంకా చూశాడు. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఆ గైడు రాసినవాడి ఇల్లు బంగారం గానూ!" అని, తడి చేతులతోనే అయ్యవారి దగ్గర్నుంచి నోటుపుస్తకం అందుకుని గుండెకు హత్తుకున్నాడు.

అయ్యవారు కర్ర పొడుచుకుంటూ బయల్దేరారు.

"సరేగానీ డాక్టరూ, మలిచూలు ఎప్పుడు?"